రేకుల కింద మధ్యాహ్నం

మా ఊరు జమ్మలమడుగు నుంచి మైలవరం పోయే దారిలో, రోడ్డుకు కొంచెం లోపలికి ఉంటుంది. అక్కడ నేను ఆశా కార్యకర్తగా పనిచేస్తున్నాను. గర్భిణులను ఆస్పత్రికి తీసుకుపోవడం, పసిబిడ్డలకు టీకాలు వేయించడం, ఎవరికి దగ్గు, ఎవరికి జ్వరం అని ఇల్లిల్లూ తిరిగి రాసుకోవడం నా పని. ఎండాకాలం వస్తే ఇంకొక పని తోడవుతుంది. ఎండ దెబ్బకు చావకుండా ఎట్లా ఉండాలో జనానికి చెప్పాలి. నేను చెప్పింది విని ఒక మనిషి చనిపోయింది. దాని గురించే రాస్తున్నాను.

ఆ ఏడు ఉగాది పోయిన కొద్ది రోజులకే ఎండలు ముదిరిపోయాయి. పొద్దున తొమ్మిదికే రోడ్డు పక్క పేర్చిన నాపరాళ్ల మీద నుంచి వచ్చే వెలుగుకు కళ్లు మూతపడేవి. కొళాయి తిప్పితే కాచినట్లు నీళ్లు వచ్చేవి. పెన్నలో ఇసుక తప్ప ఏమీ లేదు. నల్లరేగడి చేలు పాదం దిగబడేంత వెడల్పున నెర్రెలు విచ్చాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఏడు రోహిణి రాకముందే మనుషులు పగిలిపోయేటట్లు ఉండింది.

జమ్మలమడుగులో మాకందరికీ ఒక సమావేశం పెట్టారు. నాలుగు మూలలా కూలర్లు తిరుగుతున్న పెద్ద హాలు. ఒక చిన్న వయసు డాక్టరు ఓపికగా చెప్పాడు. పదకొండు నుంచి నాలుగు దాకా ఎవరూ ఇల్లు కదలకూడదు. కిటికీలకు తడిగుడ్డలు కట్టుకోవాలి, తలుపులు మూసుకోవాలి. దాహం వేయకపోయినా నీళ్లు తాగాలి. ముసలివాళ్లను మరీ జాగ్రత్తగా చూడాలి. ఇవన్నీ అచ్చువేసిన కాగితాలు, ఓఆర్ఎస్ పాకెట్లు మా చేతికిచ్చారు. నా పక్కన కూర్చున్న ఒక పెద్దామె లేచి, రేకుల ఇళ్లవాళ్లు ఎక్కడ ఉండాలి సార్ అని అడిగింది. ఫ్యాను వేసుకోమనండమ్మా, ఎండలో తిరగడం కన్నా ఇల్లు మేలే కదా అన్నాడాయన. తప్పు మాటగా తోచలేదు. నేను కూడా తలూపి రాసుకున్నాను. మాది స్లాబు ఇల్లు. అంతకు మించి నేను ఆలోచించలేదు.

మా వీధికీ పై వీధికీ మధ్య వాననీళ్లు పారే ఒక చిన్న వంక ఉంది. మేము చర్చి వాళ్లం. వంకకు అవతల గొర్రెలు కాచుకునే కుటుంబాలు ఉంటాయి. అక్కడ మొదటి ఇల్లు, నేను అవ్వా అని పిలిచే ముసలామెది. నాకు రక్తసంబంధం ఏమీ కాదు. నా చిన్నప్పుడు మా అమ్మ కూలికి పోతూ నన్ను అవ్వ దగ్గర వదిలిపోయేది. అవ్వ నన్ను తన ఇంటి లోపలికి తీసుకుపోయి, తన కంచంలోనే సంగటి పెట్టేది. ఆ రోజుల్లో వంక దాటి అట్లా లోపలికి రానివ్వడం మామూలు విషయం కాదు. వాళ్ల వీధిలో కొందరు అడిగారట కూడా. బిడ్డకు ఆకలైతే వీధి చూసి పెట్టాల్నా అని అవ్వ వాళ్ల నోరు మూయించిందని మా అమ్మ చెప్పేది. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు మేకపాలు కాచి రోజూ వంక దాటి వచ్చి తాగించింది. అమ్మ పోయాక నాకు పెద్దదిక్కు అంటే అవ్వే.

అవ్వకు మోకాళ్లు అరిగిపోయాయి. ఆమె భర్త, తాత మటుకు డెబ్బై దాటినా తెల్లవారకముందే గొర్రెలను తోలుకొని మైలవరం డ్యాము వెనకవైపు, ఎక్కడ నాలుగు చుక్కల నీళ్లుంటే అక్కడికి పోయేవాడు. పొద్దు గూకే వేళకు తిరిగొచ్చేవాడు. ఒక్కతే కూతురు, పులివెందుల పక్క పల్లెకు ఇచ్చారు. ఇంట్లో పగలంతా అవ్వ, రెండు మేకలు. ఆ మేకలను పట్టుకొని అవ్వ ఊరి చివర చేని గట్టు మీదున్న కానుగచెట్టు కిందికి పోయి కూర్చునేది. చెంబుతో నీళ్లు, గిన్నెలో మజ్జిగ కలిపిన సంగటి, తలకింద పెట్టుకోవడానికి ఒక గోనెసంచి. ఎండలు ముదిరేకొద్దీ కానుగ చిగురిస్తుంది. ఊరంతా మాడిపోయినా దాని కింద మాత్రం చిక్కటి నీడ ఉండేది.

వాళ్ల ఇల్లు ఒకప్పుడు మట్టిమిద్దె. దూలాలు, పైన మందంగా మట్టి. మే నెలలో కూడా లోపల చల్లగా ఉండేది. నేను చిన్నప్పుడు పడుకున్నది ఆ మిద్దె కిందనే. ఒక ఏడు ముసురు పట్టి అది కూలిపోయింది. నాపరాళ్లు నిలబెట్టి, పైన సిమెంటు రేకులు వేసుకున్నారు. తాత చెయ్యెత్తితే రేకుకు తగిలేది. సర్కారు ఇల్లు వస్తుందని పక్కన పునాది పోశారు. దాని నిండా జిల్లేళ్లు మొలిచాయి.

కాగితాలు పంచే మొదటి రోజే అవ్వ నాకు చెట్టు కింద కనిపించింది. పన్నెండు గంటలు. వడగాలి చేని మీద దుమ్ము లేపుతోంది. దగ్గరికి పోయి కాగితంలో ఉన్నదంతా చదివి వినిపించాను. ఇంట్లోకి పొమ్మన్నాను.

"ఇంట్లో ఉడుకు పాపా. ఈడ సల్లగుండాది" అంది అవ్వ.

గాలి వేడిగా ఉందని, ఆ గాలికే వడదెబ్బ తగులుతుందని చెప్పాను. నలభై ఏండ్లుగా ఈ చెట్టు కిందే కూర్చుంటున్నానని నవ్వింది. మరుసటి రోజు మళ్లీ అక్కడే ఉంది. ఆ మరుసటి రోజు కూడా. ఆ వారం పక్క ఊళ్లో ఉపాధి పనికి పోయిన ఒకామె మట్టి తట్ట నెత్తిన పెట్టుకొనే పడిపోయి, మళ్లీ లేవలేదు. ముసలివాళ్ల పేర్లు రాసి, వాళ్లు జాగ్రత్తగా ఉన్నారో లేదో రోజూ ఫోన్‌లో చెప్పమని మాకు పైనుంచి ఆదేశం వచ్చింది. నా జాబితాలో మొదటి పేరు అవ్వది. ప్రతిరోజూ ఆమె బయటే కూర్చుంటోందని చెప్పాలంటే నాకు సిగ్గుగా ఉండేది. భయంగా కూడా ఉండేది. రెండూ నిజమే.

నాలుగో రోజు నేను ఒక అబద్ధం ఆడాను.

"నీకేమన్నా అయితే నన్నడుగుతారవ్వా. నా ఉద్యోగం పోతాది" అన్నాను.

అట్లా ఎవరూ అనలేదు. ఎవరి ఉద్యోగమూ పోదు. ఆమె మొండితనానికి విసిగి, నోటికి వచ్చింది అనేశాను. అవ్వ నవ్వడం మానేసింది. కాసేపు నా ముఖంలోకి చూసింది.

"నీ ఉద్యోగం పోతాదా?" అంది. తర్వాత గోనెసంచి మడిచి చంకన పెట్టుకుంది. "అట్లయితే ఇంట్లోనే ఉంటాలే. నువ్వు రాసుకో."

నేను చెయ్యి పట్టుకొని ఇంటి దాకా నడిపించాను. కిటికీకి పాత చీర ముక్క తడిపి కట్టాను. ఫ్యాను వేశాను. ఓఆర్ఎస్ ఎట్లా కలుపుకోవాలో చూపించాను. మేకలను గోడ నీడన కట్టేశాను. ఆ సాయంత్రం ఫోన్‌లో, ఆమె ఇప్పుడు ఇంట్లోనే ఉంటోందని గర్వంగా చెప్పాను. ఆ తర్వాత రెండు రోజులు మధ్యాహ్నాలు పోయి చూశాను. అవ్వ బండల మీద పడుకొని ఉంది. రైక తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఎట్లుండాదవ్వా అంటే, ఉండాదిలే పాపా అంది. లోపల అడుగు పెట్టగానే నాకు ఊపిరాడలేదు. ఆ సంగతి ఇప్పుడు దాచను. ఊపిరాడలేదు, అయినా బయటికి రమ్మనలేదు. రెండు నిమిషాలు నిలబడి, తలుపు దగ్గరికి వేసి వచ్చాను.

మూడో రోజు ఒక గర్భిణికి స్కానింగ్ ఉంటే పొద్దున ఏడింటి బస్సుకే ప్రొద్దుటూరు పోయాను. అక్కడ వరస చాలా పొడుగు ఉండింది. ఇక్కడ మా ఊళ్లో పదింటికి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఊరంతా కరెంటు లేదు. ఎవరూ నాకు ఫోన్ చేయలేదు, చేయాలని వాళ్లకు మాత్రం ఎందుకు తోస్తుంది. మూడున్నరకు బస్సు దిగినప్పుడు రోడ్డు పక్క దుకాణం నడిపే ఆమె విసనకర్రతో విసురుకుంటూ కరెంటు లేదని చెప్పింది. అప్పుడు నాకు అవ్వ గుర్తొచ్చింది. ఆ గర్భిణిని ఆ దుకాణం దగ్గరే కూర్చోబెట్టి, వంక దాటి పరిగెత్తాను.

మేకలు అరుస్తున్నాయి. గోడ నీడ వాటి మీద నుంచి ఎప్పుడో జరిగిపోయింది. తలుపు లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. పిలిస్తే పలకలేదు. పక్కింటి ఆమె, నేను కలిసి భుజాలతో తోస్తే గడియ ఊడింది. లోపలి నుంచి ఉడికే కుండ మూత తీసినట్లు వేడి ముఖానికి కొట్టింది. నేను కట్టిన చీరముక్క అప్పడంలా ఎండిపోయి కిటికీకి వేలాడుతోంది. అవ్వ బండల మీద పక్కకు తిరిగి పడి ఉంది. పక్కనే గ్లాసులో ఓఆర్ఎస్ సగం తాగి ఉంది. నేను చెప్పినవన్నీ చేసింది. ఒక్కటి కూడా వదలలేదు.

ఒంటి మీద చెయ్యి వేస్తే కాలుతోంది. చెమట లేదు. చర్మం కాగితంలా పొడిగా ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ నన్ను గుర్తుపట్టలేదు. గొర్రెలు నీళ్లకు వచ్చినాయా అని గొణిగింది. ఇద్దరం పట్టుకొని బయటికి లాగాము. తొట్టిలోని నీళ్లు తోడి ఆమె మీద పోశాము. ఆ నీళ్లు కూడా వేడిగానే ఉన్నాయి. పక్కింటి ఆమె ఫ్రిజ్‌లో కరిగిపోగా మిగిలిన నాలుగు ఐసు ముక్కలు తెచ్చి చంకల్లో పెట్టింది. అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే అది ఇంకో ఊరికి ఇట్లాంటి మనిషి కోసమే పోయిందన్నారు. ఆగలేక ఆటోలో ఎక్కించాము. జమ్మలమడుగు దాకా నా ఒడిలో తల పెట్టుకొని, తడిగుడ్డ పిండి తుడుస్తూనే ఉన్నాను. ఆటోలోకి దూసుకొచ్చే గాలికి ఆ గుడ్డ క్షణాల్లో ఎండిపోయేది.

ఆస్పత్రిలో వాళ్లు చేయగలిగింది అంతా చేశారు. తడి దుప్పట్లు, ఐసు, సెలైను, పెద్ద ఫ్యాన్లు. నర్సు థర్మామీటర్ తీసి చూసి, ఇంకోటి తెమ్మంది. రెండోది కూడా అంతే చూపించింది. ఎండలో తిరిగిందా అని డాక్టరు నన్నడిగాడు. లేదు సార్, ఇంట్లోనే ఉంది అన్నాను. రేకుల ఇల్లా అన్నాడు. తలూపాను. ఈ వారం వచ్చిన ముసలివాళ్లలో సగం మంది అట్లాంటి ఇళ్లలో నుంచి వచ్చినవాళ్లేనమ్మా అన్నాడు. నా సంచిలో అప్పటికి ఇంకా ఒక కట్ట కాగితాలు ఉన్నాయి. ప్రొద్దుటూరుకు తీసుకుపొమ్మని రాసిచ్చారు. ఈసారి అంబులెన్స్ దొరికింది. ప్రొద్దుటూరు ఇంకా రెండు మూడు మైళ్లుందనగా అవ్వ ఊపిరి ఆగిపోయింది. పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు. ఎర్రటి ఎండ అద్దాల్లో నుంచి ఆమె పాదాల మీద పడుతోంది. చెయ్యి అడ్డం పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు.

తాత ఫోన్ వాడడు. ఎవరో బైకు మీద డ్యాము వెనక్కి పోయి, వెతికి పట్టుకొని చెప్పారు. ఆయన గొర్రెలను ఇంకొకరికి అప్పగించి జమ్మలమడుగు చేరేసరికి మేము అక్కడ లేము. ఆయన అవ్వను చూసింది మేము ఊరికి తిరిగి తెచ్చాకే. కర్ర పక్కన పెట్టి, అరుగు మీద కూర్చొని, ఆమె ముఖం వైపు చూస్తూ ఉండిపోయాడు.

మరుసటి రోజు పొద్దున్నే మట్టి చేశారు. ఎండ ఎక్కకముందే కానివ్వాలని అందరూ తొందరపడ్డారు. పులివెందుల నుంచి కూతురు వచ్చింది. ఏడ్చి ఏడ్చి, తర్వాత అడిగింది.

"మాయమ్మ దినామూ చెట్టు కింద గదా కూచ్చునేది. ఆ అగ్గిలో లోపలెందుకుండింది?"

పక్కింటి ఆమె నా వైపు చూసి తల తిప్పుకుంది.

"నేనే ఉండమన్నా అక్కా" అన్నాను.

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. అట్లా చూసి, తల వంచుకుంది అంతే. నీ తప్పేముందమ్మా, పైవాళ్లు చెప్పమంటే చెప్పినావు అని ఎవరో ఆడమనిషి అంది. అదే మాట ఆ తర్వాత నాకు చాలామంది చెప్పారు. మా సూపర్‌వైజరు చెప్పింది, మా ఆయన చెప్పాడు, మా పాస్టరుగారు కూడా చెప్పారు. వాళ్లెవరికీ నా అబద్ధం సంగతి తెలియదు.

మూడో దినం అయ్యాక తాత ఒక్కడే అరుగు మీద ఉంటే పోయి పక్కన కూర్చున్నాను. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ముందునాడు మాపటేల నేనొచ్చేతలికి ఒళ్లంతా ఉడికిపోయి ఉండింది. రేపట్నుంచి చెట్టు కిందికే పో అని చెప్తి. ఇనలా. ఆ పాప ఉద్యోగం పోతాదంట, నేను పోను అనింది."

ఆయన నా వైపు తిరిగాడు. ఆ కళ్లల్లో నిష్ఠూరం ఏ మాత్రమూ లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

"నీ ఉద్యోగం యేం పోలా గదా పాపా?"

"పోలా తాతా" అన్నాను.

అంతే అనగలిగాను. ఉద్యోగం పోతుందని అవ్వతో అన్నది అబద్ధమని చెప్పడానికే నేను వంక దాటి వచ్చాను. ఇంటి నుంచి మాటలు కూర్చుకొని వచ్చాను. ఆయన అట్లా అడిగాక చెప్పలేకపోయాను. చెబితే ఆయనకు ఏం మిగులుతుంది? తన భార్య ఒక బిడ్డ కూడు కాపాడడానికి ఆ వేడిని ఓర్చుకుందని అనుకుంటున్నాడు. అది కూడా ఉత్తదేనని చెప్పాలా? ఇట్లా నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజానికి భయపడ్డాను. ఆయన కళ్లల్లోని ఆ ఆదరణ పోతుందని భయపడ్డాను.

నెల తిరగకముందే గొర్రెలను అమ్మేసి, కూతురు ఆయనను తన వెంట పులివెందుల పక్కకు తీసుకుపోయింది. బస్సు ఎక్కించడానికి నేనూ పోయాను. అప్పుడైనా చెప్పాలనుకున్నాను. బస్సు వచ్చింది, ఎక్కాడు, పోయింది. ఆ చలికాలంలోనే ఆయన కూడా పోయాడని తెలిసింది. ఇక చెప్పుకోవడానికి మనిషి లేడు. ఇప్పటికి ఎన్ని రాత్రులు మోకరించి దేవుడికి చెప్పుకున్నానో లెక్క లేదు. తాతతో చెప్పుకున్నట్లు కాదు అది.

అవ్వ పోయిన వారానికి పైనుంచి ఒక ఫారం వచ్చింది. వడదెబ్బకు చనిపోయినవాళ్ల వివరాలు. అందులో, మృతురాలు ఎండలో తిరిగారా, అవును, కాదు అని రెండు గళ్లు ఉన్నాయి. కాదు దగ్గర టిక్కు పెట్టాను. ఇల్లు ఎట్లాంటిదని అడిగే గడి లేదు. పక్కన ఖాళీ జాగాలో 'రేకుల ఇల్లు, కరెంటు లేదు' అని చిన్న అక్షరాలతో రాశాను. దాన్ని ఎవరైనా చదివారో లేదో నాకు తెలియదు. సమావేశంలో చెబితే, మన చేతుల్లో ఏముంది అన్నారు. తప్పు పట్టను. వాళ్ల చేతుల్లోనూ ఏమీ లేదు.

ఆ మరుసటి ఎండాకాలం నేను చేయగలిగింది ఒకటి చేశాను. మా చర్చి దొరల కాలంలో కట్టింది. మూరెడు మందం గోడలు, ఎత్తైన కప్పు. ఎంత ఎండైనా లోపల చల్లగా ఉంటుంది. ఆదివారం తప్ప తాళం వేసి ఉంటుంది. మధ్యాహ్నాలు తెరిచిపెట్టమని సంఘ పెద్దలను అడిగాను. మంచి మాటే అని తాళంచెవి నా చేతికే ఇచ్చారు. నీళ్ల కుండలు పెట్టాను, చాపలు వేశాను, ఊరంతా చెప్పాను. మొదటి రోజు మా వీధి ముసలమ్మలు ఇద్దరు వచ్చారు. వంక అవతలి వాళ్లు ఎవరూ రాలేదు. ఒక ముసలాయన గేటు దాకా వచ్చి, చెప్పులు విడిచి, లోపలికి చూసి, నాకెందుకో అలవాటు లేదమ్మా అని మళ్లీ చెప్పులు వేసుకొని వెళ్లిపోయాడు. పనికి పోయేవాళ్లు చేలల్లోనే, రాళ్ల గనుల్లోనే ఉన్నారు. పది రోజులకు ఆ ఇద్దరు ముసలమ్మలు కూడా అంత దూరం నడవలేమన్నారు. ఖాళీ చర్చిలో నేను ఒక్కదాన్నే రెండు రోజులు కూర్చున్నాను. ఆ తర్వాత తాళం వేసి, చెవి ఇచ్చేశాను.

ఇప్పుడూ నేను అదే ఉద్యోగం చేస్తున్నాను. కాగితాలు ఏడాదికేడాది వస్తూనే ఉన్నాయి. మొన్న కొత్త కాలనీలో ఒక బాలింత ఇంటికి పోయాను. ఇరవై రోజుల బిడ్డ. ఇల్లు రేకులది. చుట్టుపక్కల చెట్టనేది లేదు, కాలనీ కోసం అంతా చదును చేశారు. బిడ్డ ఒళ్లంతా చెమటకాయలు. ఆ పిల్ల బిడ్డను ఒళ్లో వేసుకొని, నా చేతిలో కాగితం వైపు చూసింది.

"లోపలుంటే ఉడుకు, బయటికి పోతే వడగాలి. ఈ బిడ్డను యాడ పెట్టుకోవల్లక్కా?" అని అడిగింది.

నేను ఇల్లంతా చూశాను. ఒక తలుపు, ఒక కిటికీ, పైన రేకు. బయట తెల్లగా కాలుతున్న నేల. బిడ్డకు పాలు ఎక్కువసార్లు ఇవ్వమన్నాను, తడిగుడ్డతో ఒళ్లు తుడవమన్నాను. ఆ పిల్ల ఇంకా నా ముఖం వైపే చూస్తోంది, అసలు జవాబు ఇంకా చెప్పలేదన్నట్లు. రెండు ఓఆర్ఎస్ పాకెట్లు కిటికీ గట్టు మీద పెట్టి, పక్క ఇంటికి పోయాను.